డిసెబిలిటీ కేసు గెలిచాక లాయర్ ఫీజు ప్రభుత్వం నుంచి రాబట్టడం ఎలా: అమెరికాలోని తెలుగువారికి సమగ్ర మార్గదర్శి

సోషల్ సెక్యూరిటీ డిసెబిలిటీ కేసు ఫెడరల్ కోర్టు దాకా వెళ్ళి గెలిచినవాళ్ళు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఇదే: "గెలిచాం కదండీ, లాయర్ ఫీజు కూడా వాళ్ళే కడతారా?"

కడతారు. కానీ దానికదే రాదు. దానికి వేరే అప్లికేషన్ పెట్టాలి, దాని గడువు వేరు, దాని వాదన వేరు. అసలు కేసు గెలిచిన ఆనందంలో ఈ గడువు దాటిపోయిన ఫైళ్ళు చూశాను. నేను లాయర్‌ని కాదు, లాయర్ ఆఫీసులో ఇలాంటి ఫైళ్ళు సర్దే పారాలీగల్‌ని. అప్లికేషన్ పెట్టేది మీ లాయరే. అయినా మీరు సంతకం పెట్టే కాగితాలు, మీ జేబులోంచి పోయే డబ్బు మీవి కాబట్టి వరస తెలిసి ఉండాలి.

## 1. మూడు ఫీజులను విడదీసుకోండి

చాలామంది ఇక్కడే తికమక పడతారు. ఒకే కేసులో మూడు రకాల ఫీజులు ఉండొచ్చు. పక్కన ఉన్న 406 లాంటి అంకెలు చట్టంలోని సెక్షన్ నంబర్లు.

ఏజెన్సీ దశ ఫీజు, 406(ఎ). సోషల్ సెక్యూరిటీ ఆఫీసులో, జడ్జి హియరింగ్‌లో చేసిన పనికి. మామూలు ఫీజు ఒప్పందమైతే మీ బ్యాక్ పేలో (గెలిచాక వచ్చే పాత నెలల బకాయి బెనిఫిట్స్‌లో) 25 శాతం, లేదా 9,200 డాలర్లు, ఏది తక్కువైతే అది. ఈ 9,200 పరిమితి 2024 నవంబరు 30న అమల్లోకి వచ్చింది, ఇప్పటి అంకె ఎంతో లాయర్‌ని అడగండి. ఇది మీ డబ్బులోంచే పోతుంది.

కోర్టు దశ ఫీజు, 406(బి). ఫెడరల్ కోర్టులో చేసిన పనికి. బ్యాక్ పేలో 25 శాతం దాటకూడదు, జడ్జి ఒప్పుకోవాలి. ఇదీ మీ డబ్బే.

ఈజా ఫీజు. ఈక్వల్ యాక్సెస్ టు జస్టిస్ యాక్ట్ అనే చట్టాన్ని లాయర్ ఆఫీసుల్లో ముద్దుగా "ఈజా" అంటారు. ఇది మీ బ్యాక్ పేలోంచి కాదు, ప్రభుత్వ ఖజానాలోంచి వస్తుంది. ఈ వ్యాసం ప్రధానంగా దీని గురించే.

## 2. మీ కేసు ఈజాకు పనికొస్తుందా చూసుకోండి

కింది నాలుగింటికీ "అవును" అని వస్తేనే ముందుకు వెళ్ళండి.

- కేసు యూఎస్ డిస్ట్రిక్ట్ కోర్టులో వేశారా? హియరింగ్‌లోనో, ఏజెన్సీలోనే పై మెట్టయిన అప్పీల్స్ కౌన్సిల్‌లోనో గెలిచి అక్కడితో ఆగిపోతే ఈజా లేదు.
- కోర్టులో లాయర్ మీ తరఫున వాదించారా? మీ కేసు మీరే వాదించుకుంటే లాయర్ ఫీజు రాదు, కోర్టు ఖర్చులు మాత్రం అడగొచ్చు.
- మీరు గెలిచిన పక్షమేనా?
- కేసు వేసిన రోజున మీ నికర ఆస్తి 20 లక్షల డాలర్లలోపేనా?

మూడో దానికి కొంచెం వివరణ కావాలి. రిమాండ్ అనగానే మనకు జైలు గుర్తొస్తుంది. ఇక్కడ దాని అర్థం వేరు: "మీ నిర్ణయం సరిగ్గా లేదు, మళ్ళీ విచారించండి" అని కోర్టు కేసును ఏజెన్సీకి తిప్పి పంపడం. డిసెబిలిటీ కేసుల్లో కోర్టు విజయాలు ఎక్కువగా ఈ రూపంలోనే వస్తాయి. బెనిఫిట్స్ ఇంకా మంజూరు కాకపోయినా సరే, "సెంటెన్స్ ఫోర్" (సెంటెన్స్ అంటే ఇక్కడ శిక్ష కాదు, కోర్టు అధికారాన్ని చెప్పే సెక్షన్లోని నాలుగో వాక్యం) రిమాండ్ వస్తే మీరు గెలిచినట్టే. 1993లో షలాలా వర్సెస్ షేఫర్ తీర్పులో సుప్రీంకోర్టు ఈ మాట తేల్చింది.

"సెంటెన్స్ సిక్స్" రిమాండ్ అలా కాదు. అందులో కేసు కోర్టు చేతిలోనే ఉంటుంది. ఏజెన్సీలో విచారణ ముగిసి, కోర్టు తుది జడ్జిమెంటు ఇచ్చాకే ఈజా గడియారం మొదలవుతుంది. ఆర్డర్లో ఏ సెంటెన్స్ అని రాసుందో ఈ రోజే తీసి చూడండి.

పౌరసత్వం గురించి కూడా అడుగుతుంటారు. వ్యక్తి విషయంలో ఈ చట్టం చూసేది నికర ఆస్తినే. గ్రీన్ కార్డు మీద ఉన్నవాళ్ళకు ఆ కారణంతో తలుపు మూసుకోదు.

## 3. ఆస్తి లెక్క రాసేటప్పుడు ఇండియాను మర్చిపోకండి

మనవాళ్ళు ప్రత్యేకంగా జాగ్రత్త పడాల్సిన చోటు ఇది.

నికర ఆస్తి అంటే ఉన్నదంతా కలిపి అందులోంచి అప్పులు తీసేయడం. చట్టంలో "అమెరికా ఆస్తి మాత్రమే" అని లేదు. కాబట్టి గుంటూరు ఫ్లాటు, ఊళ్ళో పొలం, లాకర్లో బంగారం, ఎన్ఆర్ఓ ఖాతాలో ఎఫ్‌డీ, అన్నీ రాయండి. రూపాయిని డాలరుకు 85 చొప్పున వేసుకున్నా 20 లక్షల డాలర్లంటే 17 కోట్లు. చాలామంది ఆ దరిదాపుల్లో ఉండరు. కానీ 2023లో కోకాపేట వేలంలో ఎకరం వంద కోట్లు దాటింది. హైదరాబాద్ శివార్లలో నాన్నగారు ఎప్పుడో కొన్న రెండెకరాలు ఉంటే పాత రిజిస్ట్రేషన్ విలువ రాసి సరిపెట్టుకోకండి. ఏ విలువ చూపాలో లాయర్‌ని అడగండి.

పంచుకోని ఉమ్మడి ఆస్తిలో "నా పేరు మీద లేదు కదా" అని వదిలేయొద్దు. మీ వాటా సంగతి లాయర్ ముందు పెట్టండి, రాయాలో వద్దో ఆయన చెబుతారు.

ఇంకోటి, ఇది ఫీజు కన్నా పెద్ద విషయం. మీది ఎస్ఎస్ఐ (ఆదాయం, ఆస్తి తక్కువున్నవాళ్ళకు ఇచ్చే బెనిఫిట్) కేసైతే ఒంటరి వ్యక్తికి 2,000 డాలర్లు, దంపతులకు 3,000 డాలర్లు దాటి లెక్కలోకి వచ్చే ఆస్తి ఉండకూడదు. ఎస్ఎస్ఐ ఫారంలో పొలం రాయకుండా ఈజా అఫిడవిట్లో రాస్తే ఆ రెండు కాగితాలూ ఒకే ప్రభుత్వం చేతిలో ఉంటాయి. ఈజా అఫిడవిట్లో కూడా దాచేయడం దీనికి పరిష్కారం కాదు. తప్పు చెబితే శిక్షకు బాధ్యుణ్ణి అనే షరతు మీద సంతకం పెడుతున్నారు. సంతకానికి ముందే లాయర్‌తో కూర్చుని మాట్లాడండి. కోర్టు ఫీజు మినహాయింపు కోసం కేసు మొదట్లో ఇచ్చిన ఆర్థిక వివరాల కాగితం కూడా దగ్గర పెట్టుకుని సరిచూసుకోండి.

## 4. గడువు: అరవై, ముప్పై

చట్టం "తుది జడ్జిమెంటు తర్వాత 30 రోజుల్లో" అంటుంది. తుది అంటే ఇక అప్పీలుకు వీల్లేనిది అని అర్థం. ప్రభుత్వం పార్టీగా ఉన్న కేసులో అప్పీలు గడువు 60 రోజులు. కాబట్టి ఎవరూ అప్పీలుకు పోకపోతే లెక్క ఇలా సాగుతుంది.

1. కోర్టు విడిగా ఇచ్చిన జడ్జిమెంటు కాగితం మీద, డాకెట్లో (కోర్టు కేసు రిజిస్టరులో) నమోదైన తేదీ చూడండి. జడ్జిగారి అభిప్రాయం వెలువడిన తేదీ, జడ్జిమెంటు తేదీ ఒకటే కావాలని లేదు.
2. దానికి 60 రోజులు కలపండి.
3. ఆపైన 30 రోజులు కలపండి.

ఉదాహరణకు జడ్జిమెంటు 2025 మార్చి 3, సోమవారం నమోదైంది అనుకుందాం. 60 రోజులకు మే 2. అక్కణ్ణుంచి 30 రోజులకు జూన్ 1, అది ఆదివారం. నియమాల ప్రకారం సోమవారానికి జరుగుతుంది. అయినా ఆ సోమవారాన్ని నమ్ముకోకుండా మే 30 శుక్రవారానికి పెట్టేయమనండి. గడువు దాటాక జడ్జిగారి దయ మీద ఆధారపడాల్సి వస్తుంది, అది దొరుకుతుందని లెక్క వేసుకోకూడదు.

ముందే పెడితే తీసుకునే కోర్టులున్నాయి. ఆలస్యంతో పోలిస్తే తొందరపాటే నయం.

ఇక్కడ ఎక్కువగా చూసే తప్పు ఒకటుంది. రిమాండ్ అయ్యాక ఏజెన్సీలో మళ్ళీ హియరింగ్ జరిగి బెనిఫిట్స్ మంజూరయ్యాక ఈజా అడుగుదాం అనుకోవడం. ఆ హియరింగ్‌కే నెలలు పడుతుంది. సెంటెన్స్ ఫోర్ కేసులో అప్పటికి గడువు ఎప్పుడో చచ్చిపోయి ఉంటుంది. నాకు తెలిసిన ఒక ఆఫీసులో సరిగ్గా ఇదే జరిగింది. క్లయింటు కేసు చివరికి గెలిచారు, ఈజా డబ్బు మాత్రం ఒక్క డాలరు రాలేదు.

మీరు చేయగలిగింది చిన్న పని: జడ్జిమెంటు వచ్చిన వారంలోనే లాయర్‌కి ఈమెయిలు పెట్టి, "ఈజా ఆఖరి తేదీ ఎప్పుడు?" అని రాతపూర్వకంగా అడగండి.

## 5. గంటల లెక్క

ఈజాలో డబ్బు గంటల మీద వస్తుంది. ఈ రకం కేసుల్లో 20 నుంచి 40 గంటలు మామూలే అని చాలా కోర్టులు తీర్పుల్లో రాస్తుంటాయి. దాటితే రాదని కాదు, ఎందుకు దాటిందో చెప్పాలి.

టైమ్ షీట్‌కు మా దగ్గర వాడే కొలతలు ఇవి.

- ప్రతి పనీ వేరే వరస. "రికార్డు చదవడం, బ్రీఫ్ రాయడం, క్లయింటుతో ఫోను: 9.5 గంటలు" అని ఒకే ముద్దగా రాస్తే కోత ఖాయం.
- ఆరు నిమిషాలను 0.1 గంటగా రాయాలి. అన్నీ అరగంట, గంట అని గుండ్రంగా ఉంటే అది జ్ఞాపకం నుంచి రాసిందని తెలిసిపోతుంది.
- రికార్డు చదివిన చోట ఎన్నో పేజీ నుంచి ఎన్నో పేజీ వరకో రాయాలి. 1,400 పేజీల ట్రాన్‌స్క్రిప్టుకు పది గంటలంటే ఎవరూ కాదనరు.
- ఏ రోజు పని ఆ రోజే రాసుకోవాలి.

తీసేయాల్సినవి:

- స్కానింగ్, కాపీలు, ఫైలింగ్ లాంటి గుమస్తా పని. పారాలీగల్ చేసిన అసలు లీగల్ పనికి మాత్రం మార్కెట్ రేటు అడగొచ్చు. 2008లో రిచ్లిన్ కేసులో సుప్రీంకోర్టు దీనికి ఒప్పుకుంది.
- సెంటెన్స్ ఫోర్ కేసులో హియరింగ్ దగ్గర, అప్పీల్స్ కౌన్సిల్ దగ్గర చేసిన పని. అది 406(ఎ) కిందికి వస్తుంది.
- పాత కేసులోంచి తెచ్చి పేర్లు మార్చిన ఫిర్యాదుకు మూడు గంటలు వేయడం. ప్రభుత్వం తరఫు లాయర్లు ఇలాంటివి రోజూ చూస్తారు.

## 6. రేటు

చట్టంలో రేటు గంటకు 125 డాలర్లు. 1996 మార్చి నుంచి అదే అంకె. జీవన వ్యయం పెరిగింది కాబట్టి కోర్టు పెంచి ఇవ్వొచ్చు, కానీ అది అడగాలి, ఆధారం చూపాలి.

లెక్క సులువు. 1996 మార్చిలో వినియోగదారుల ధరల సూచీ, అంటే సీపీఐ-యూ, 155.7. 2024 సగటు 313.689. 125ను 313.689తో గుణించి 155.7తో భాగిస్తే 251.84 డాలర్లు వస్తుంది. 30 గంటలకు 7,555.20 డాలర్లు.

పని ఏ సంవత్సరంలో జరిగిందో ఆ సంవత్సరం సూచీ వేయడం పద్ధతి. కొన్ని సర్క్యూట్లలో (ఫెడరల్ అప్పీలు కోర్టుల ప్రాంతాల్లో) జాతీయ సూచీ వాడతారు, కొన్నిచోట్ల ప్రాంతీయ సూచీ. కోర్టు అలవాటు మీ లాయర్‌కి తెలిసే ఉంటుంది. సూచీ పట్టిక జత చేయకపోతే 125 దగ్గరే ఆగిపోయే ప్రమాదం ఉంది.

## 7. అప్లికేషన్ ప్యాకెట్

పంపే ముందు టిక్కు పెట్టుకోండి:

☐ గెలిచిన పక్షం అనే ప్రకటన, జడ్జిమెంటు కాపీ
☐ ప్రభుత్వ వాదనకు సరైన ఆధారం లేదు అనే ఒక స్పష్టమైన వాక్యం
☐ కేసు వేసిన నాటి నికర ఆస్తి గురించి మీ ప్రమాణ పత్రం
☐ లాయర్ ప్రమాణ పత్రం, గంటల వివరం
☐ సూచీ లెక్క, అడుగుతున్న మొత్తం
☐ కోర్టు ఖర్చులు విడిగా: కేసు వేసినప్పుడు 405 డాలర్లు కట్టి ఉంటే అది
☐ మీరు సంతకం పెట్టిన అసైన్‌మెంటు (ఈజా డబ్బు లాయర్‌కి ఇవ్వమని రాసిచ్చే పత్రం)
☐ జడ్జి సంతకానికి సిద్ధం చేసిన ఆర్డరు

రెండో అంశం చిన్నదిగా కనిపిస్తుంది గానీ చట్టం అడిగే మాట అది. అది వదిలేసి గడువు దాటినా, తర్వాత సవరించుకోవచ్చని 2004లో స్కార్‌బరో కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకని వదిలేయమని కాదు.

ఖర్చుల 405 డాలర్లను ఫీజులో కలిపి రాయకండి. ఖర్చులు ట్రెజరీ జడ్జిమెంటు ఫండు నుంచి, ఫీజు ఏజెన్సీ నుంచి వస్తాయి. కలిపేస్తే ఆర్డరు సరిచేయించుకోవడానికి మళ్ళీ తిరగాలి.

## 8. ప్రభుత్వం "మా వాదనకు ఆధారం ఉంది" అంటే

ఈజాకు ఎదురయ్యే అసలు అడ్డం ఇదే. ప్రభుత్వ వైఖరికి చట్టపరంగా, వాస్తవాల పరంగా సహేతుకమైన ఆధారం ఉంటే ఫీజు ఇవ్వక్కర్లేదు. నిరూపించాల్సిన భారం మాత్రం వాళ్ళదే. ఓడిపోయారు కాబట్టి ఆధారం లేనట్టే అని కోర్టు అనుకోదు. మీ జవాబు అక్కడితో ఆగిపోకూడదు.

వైఖరి అంటే కోర్టులో వాళ్ళ లాయర్ మాట్లాడింది ఒక్కటే కాదు. దాని వెనకున్న ఏఎల్‌జే (హియరింగ్ జరిపిన ఏజెన్సీ జడ్జి) నిర్ణయం కూడా. కాబట్టి ప్రభుత్వ అభ్యంతరానికి మీ లాయర్ ఇచ్చే రిప్లైలో కోర్టు తీర్పులోని వాక్యాలనే పట్టుకోవాలి. ఉదాహరణకు 2017 మార్చి 27న, ఆ తర్వాత వేసిన దరఖాస్తుల్లో డాక్టరు అభిప్రాయానికి వైద్య ఆధారం ఎంత ఉందో, మిగతా రికార్డుతో ఎంత పొసుగుతుందో ఏఎల్‌జే వివరించి తీరాలని నిబంధన ఉంది. వివరించలేదని కోర్టే తీర్పులో రాస్తే, ప్రభుత్వం తన నిబంధనే తాను పాటించలేదన్నమాట. ఆ పేజీ నంబరు రిప్లై మొదటి పేరాలో ఉండాలి.

ప్రభుత్వమే స్వచ్ఛందంగా రిమాండ్‌కు ఒప్పుకున్న కేసుల్లో ఈ గొడవ సాధారణంగా ఉండదు.

ఫీజు కోసం పోట్లాడిన గంటలకు కూడా ఫీజు అడగొచ్చు. 1990లో జీన్ కేసు ఆ దారి వేసింది. రిప్లై రాసిన గంటలు జత చేయడం మర్చిపోవద్దు.

## 9. ముందు ఫోను, తర్వాత మోషను

అప్లికేషన్ పెట్టే ముందు మీ లాయర్ ప్రభుత్వం తరఫు లాయర్‌కి గంటల లెక్క పంపి బేరం ఆడడం మామూలు. కొన్ని గంటలు తగ్గించుకుంటే ఇద్దరూ కలిసి ఒప్పంద పత్రం పెడతారు, జడ్జి సంతకం పెట్టేస్తారు. నా మాట అడిగితే, పది శాతం లోపు కోతకు ఒప్పుకోవడమే మంచిది. పోట్లాటలో పోయే నెలలకు అంతకన్నా విలువ ఉంది.

బేరం నడుస్తోంది కదా అని గడువు మాత్రం ఆగదు.

## 10. చెక్కు ఎవరి పేరు మీద వస్తుంది

2010లో ఆస్ట్రూ వర్సెస్ రాట్లిఫ్ తీర్పు ప్రకారం ఈజా డబ్బు చట్టరీత్యా మీది, లాయర్‌ది కాదు. దీనివల్ల ఒక చిక్కుంది. మీకు ఫెడరల్ బాకీ ఉంటే ట్రెజరీ ముందు దాన్ని మినహాయించుకుంటుంది. డిఫాల్టయిన స్టూడెంట్ లోను, పాత పన్ను బాకీ లాంటివి. బాకీ లేకపోతే మీ అసైన్‌మెంటును గౌరవించి చెక్కు లాయర్ పేరు మీద ఇవ్వడం అలవాటు.

కాబట్టి అసైన్‌మెంటు మీద సంతకం పెట్టే ముందు ఇవి చేయండి:

- బాకీలుంటే లాయర్‌కి ముందే చెప్పండి. తర్వాత బయటపడితే మొహమాటం ఇద్దరికీ.
- చెక్కు పొరపాటున మీ పేరు మీద మీ ఇంటికి వస్తే, ఖర్చు పెట్టకుండా ఫోను చేయండి. బ్యాక్ పే అనుకుని వాడేసుకున్నవాళ్ళున్నారు.
- బాకీ కింద డబ్బు పోతే లాయర్‌కి మీరు చెల్లించాలా లేదా అనేది ఫీజు ఒప్పందంలో ఏం రాసుందో చదవండి.

## 11. చిన్న మొత్తం మీకు తిరిగి రావాలి

మీ జేబుకు నేరుగా తగిలేది ఇక్కడే, దయచేసి నిదానంగా చదవండి.

రిమాండ్ తర్వాత బెనిఫిట్స్ మంజూరైతే లాయర్ 406(బి) కింద కూడా ఫీజు అడగొచ్చు. కోర్టు పనికే ఈజా ఫీజూ తీసుకున్నారు. ఒకే పనికి రెండూ ఉంచుకోకూడదు. 2002లో గిస్‌బ్రెక్ట్ తీర్పు చెప్పినట్టు, రెండింటిలో చిన్న మొత్తాన్ని లాయర్ క్లయింటుకు తిరిగి ఇవ్వాలి.

లెక్క చూడండి. బ్యాక్ పే 60,000 డాలర్లు. అందులో 25 శాతం 15,000. జడ్జి 406(బి) కింద 11,000 ఒప్పుకున్నారు. ఈజా కింద 7,555.20 అంతకుముందే వచ్చింది. చిన్నది ఈజా మొత్తం. లాయర్ 7,555.20 మీకిస్తారు. అంటే కోర్టు పనికి మీ జేబులోంచి నికరంగా పోయింది 3,444.80 డాలర్లే. ఒకవేళ 406(బి) 5,000 మాత్రమే అయితే, మీకు తిరిగొచ్చేది ఆ 5,000.

ఈ లెక్కలో ఏజెన్సీ దశ 406(ఎ) ఫీజు లేదు, అది వేరు. ఆ రెండూ కలిపి 25 శాతం దాటకూడదన్న నియమం లేదని 2019లో కల్బర్ట్‌సన్ తీర్పు వచ్చింది. "మొత్తం పాతిక శాతమే కదా" అనుకుని కూర్చున్నవాళ్ళకు ఇది చేదుగానే ఉంటుంది. అందుకే మొదటి రోజే ఒప్పందంలో రెండు దశల ఫీజులూ ఎంతో విడివిడిగా చదవండి.

బ్యాక్ పేలో 25 శాతం దాకా సోషల్ సెక్యూరిటీ ఆపి ఉంచితే కంగారు పడకండి. లాయర్ ఫీజు తేలేదాకా అలా ఉంచుతారు. తేలాక మిగిలింది మీకు రావాలి. నెలలు గడిచినా కదలకపోతే, 406(బి) మోషను వేశారా, లేక ఇక అడగనని రాసిచ్చారా అని లాయర్‌ని అడగండి.

## 12. 406(బి) గడువు మీ చేతిలో ఉన్న కవరుతో మొదలవుతుంది

406(బి)కి దేశమంతటికీ ఒకే గడువు లేదు. కొన్ని సర్క్యూట్లలో బెనిఫిట్స్ లెక్క చెప్పే నోటీసు అందాక 14 రోజులే. పదో సర్క్యూట్‌లో "సహేతుకమైన కాలం" అంటారు. కొన్ని జిల్లా కోర్టులు సొంత నియమం పెట్టుకున్నాయి.

ఆ నోటీసు ఒక్కోసారి మీకే ముందు వస్తుంది, లాయర్ కాపీ ఎక్కడో తిరుగుతుంటుంది. పిల్లల పేరు మీద వచ్చే బెనిఫిట్స్‌కు వేరే నోటీసులు వేరే రోజుల్లో రావచ్చు, వాటి బ్యాక్ పే కూడా ఫీజు లెక్కలోకి వస్తుంది. కాబట్టి సోషల్ సెక్యూరిటీ కవరు ఏది వచ్చినా దాని మీద చేరిన తేదీ పెన్నుతో రాయండి, కవరుతో సహా అన్ని పేజీలూ ఫోనులో ఫొటో తీసి ఆ సాయంత్రమే లాయర్ ఆఫీసుకు పంపండి, "అందింది" అని జవాబు వచ్చేదాకా వదలకండి.